తండ్రి అంగీ మీద నీడ

మొన్న జగిత్యాలలో ఫోటోల పండుగకు నన్ను పిలిచారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఫోటోగ్రాఫర్లు కలిసి, కొత్తగా కెమెరా పట్టినవాళ్ళ కోసం ఎన్నో ఏళ్ళ కిందట మొదలుపెట్టిన పండుగ అది. నడుమ చాలాకాలం ఆగిపోయి ఈమధ్య మళ్ళీ నిలబడింది. మొట్టమొదటిసారి బహుమతి తెచ్చుకున్న కొత్తవాణ్ణి నేనే కాబట్టి నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి, శాలువా కప్పి, అప్పటి నా ఫోటోను పెద్దగా చేయించి గుమ్మానికి ఎదురుగా వేలాడదీశారు. సిరిసిల్లలో ఒక నేతపని కుటుంబం ఫోటో అది. సున్నం వేసిన గోడ ముందు తల్లి, తండ్రి, కూతురు, అల్లుడు, కొడుకు. కొడుకు నీడ తండ్రి తెల్లంగీ మీద భుజం నుంచి గుండె దాకా ఏటవాలుగా పడి ఉంటుంది.

తన ఫోటోలు కూడా అక్కడ పెట్టిన డిగ్రీ చదివే అమ్మాయి ఒకామె నా కుర్చీ దగ్గరికి వచ్చి మర్యాదగా నిలబడింది. "సార్, గా నీడ మీకు ఎట్ల దొరికింది? ఏ టైంల తీసిండ్రు?" అని అడిగింది.

సాయంత్రం నాలుగు దాటాక తీశానని చెప్పాను. అంతవరకు నిజమే. కానీ ఆ అమ్మాయి దాన్ని నోటుబుక్కులో రాసుకుంటుంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ ఫోటో తీసినప్పుడు కొడుకు అక్కడ లేడు. ఆ నీడ నాది. పళ్ళు సగం ఊడిపోయిన ఈ వయసులో కూడా ఒక చిన్నపిల్ల ముందు నిజం చెప్పడానికి నోరు పెగల్లేదంటే, నా సంగతి ఏమనుకోవాలి? ఇంటికి వచ్చి రెండు రోజులు నన్ను నేను తిట్టుకుని, మూడో రోజు ఇది రాయడానికి కూర్చున్నాను.

నేను పని నేర్చుకున్నది కోరుట్లలో. మా గురువు బస్టాండు సందులో చిన్న స్టూడియో పెట్టుకున్న ముసలాయన. అప్పట్లో ఇంటికి ఒక ఫోటో ఉంటే గొప్ప. మనిషి పోయాక గుర్తొచ్చేది, అయ్యో, అందరం కలిసి ఒక్క ఫోటో కూడా దిగలేదే అని. పోయినవాళ్ళదో, దుబాయి వెళ్ళి నాలుగేళ్ళుగా రానివాళ్ళదో ఏ దరఖాస్తుకో దిగిన చిన్న ఫోటో పట్టుకుని వచ్చేవాళ్ళు. మేము ఆ తలను పెద్దది చేసి, కత్తిరించి, ఇంటివాళ్ళ ఫోటోలో ఎవరిదో ఒకరి ఒంటికి అతికించి, అంచులు సన్న బ్రష్షుతో కలిపేసి, మొత్తాన్ని మళ్ళీ ఫోటో తీసి ఇచ్చేవాళ్ళం. దాన్ని అతుకు ఫోటో అనేవాళ్ళు. మా సంపాదనలో సగం దాని మీదే.

ఆ పనిలో మా గురువుకు ఒక పట్టింపు ఉండేది. అతికించిన మనిషిని వెనక వరసలో చివరికి పెట్టేవాడు, ఎవరినీ తాకకుండా. ఆ మనిషికి నీడ పెట్టేవాడు కాదు. పొరపాటున పడితే బ్రష్షుతో చెరిపేసేవాడు. నేను కొత్తలో ఒకసారి, నీడ లేకపోతే మనిషి గాల్లో తేలుతున్నట్టు కనిపిస్తున్నాడు కదా సార్ అని సలహా ఇవ్వబోయాను. ఆయన బ్రష్షు కింద పెట్టి నా వైపు చూశాడు.

"లేని మనిషికి నీడ పెట్టద్దురా. ఇయ్యాల మనకెరుకే. రేపు మనుమలు జూస్తరు. ఎవలున్నరు, ఎవలు లేరు, గది వాళ్ళకు తెలువాలె."

ముసలాయన చాదస్తం అనుకున్నాను. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. నా చేతిలో పనితనం ఆయనకంటే బాగా ఉందని నా లోపల నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే సొంత ఊరు సిరిసిల్లకు వచ్చి ఒక స్టూడియోలో పనికి కుదిరాను.

అవి అన్నల కాలం, అంటే నక్సలైట్ల కాలం. పొద్దు గూకితే బస్సులు బంద్. నలుగురు ఒకచోట కూడి మాట్లాడుకుంటే మఫ్టీలో ఐదోవాడు వచ్చి నిలబడేవాడు. ఎక్కడైనా ఎన్‌కౌంటర్ అయితే పోలీసు జీపు మా స్టూడియో ముందు ఆగేది. మా ఓనర్ నన్ను తోలేవాడు. ముస్తాబాద్ అవతలి గుట్టల దాకా పోయి, వరసగా పడుకోబెట్టిన పిల్లల ముఖాలు తీసి వచ్చేవాణ్ణి. కాదంటే ఏమవుతుందో అడిగే ధైర్యం ఎవరికీ లేదు, నాకు అసలే లేదు. అట్లా ఒకరిద్దరు ఎస్సైలకు నా ముఖం తెలుసు. ఈ మాట తరువాత పనికొస్తుంది, అందుకే చెబుతున్నాను.

మా వాడకు రెండు సందుల అవతల ఒక కుటుంబం ఉండేది. ఆయన సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను మా ఊళ్ళో సాంచాలంటాం. షెడ్డులో నాలుగు సాంచాల నడుమ పన్నెండు గంటలు నిలబడి, అటూ ఇటూ తిరుగుతూ చేసే పని. ఆమె బీడీలు చుట్టేది. వరసకు నేను ఆమెను చిన్నమ్మ అనేవాణ్ణి. వాళ్ళ కొడుకు ఇంటర్ చదువుతూ చదువుతూ ఒకరోజు కాలేజీకని పోయి లోపలికి పోయాడు. లోపలికి అంటే అడవిలోకి, దళంలోకి. ఏడాదిన్నర అయింది. ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు.

కూతురూ అల్లుడూ సాంచాల పనికి భీవండి పోతున్నారు, మళ్ళీ ఎప్పుడు కలుస్తామో తెలియదు, అందరం ఒక ఫోటో దిగాలి అని చిన్నమ్మ స్టూడియోకు వచ్చింది. అందరం అన్నాక గుమ్మం వైపు ఒకసారి చూసింది. తరువాత కొంగు ముడి విప్పి పరీక్ష హాల్‌టికెట్టు మీది చిన్న ఫోటో ఇచ్చింది. భుజం మీద సగం ముద్ర పడి ఉంది. ఇప్పటికి వానికి మీసాలు వచ్చి ఉంటాయి, కొద్దిగా గీయగలవా అని అడిగింది. గీస్తానన్నాను.

తల ఉంది, ఒళ్ళు కావాలి కదా. వాళ్ళింటికి పోయినరోజు, నేనే కొడుకు జాగాలో నిలబడతానన్నాను. చిన్నమ్మ లోపలికి పోయి పెట్టెలోంచి కొడుకు అంగీ తెచ్చింది. ఉతికి మడతపెట్టి ఉంచిన గళ్ళంగీ. నాకు భుజాల దగ్గర కొంచెం బిగుతైంది. ఆమె తన చేతులతో కాలరు సర్దింది. నేను కెమెరాను స్టాండుకు బిగించి, దానంతట అదే పడే మీట తిప్పి, పరుగున వచ్చి తండ్రి పక్కన నిలబడ్డాను. ఒకటి పడ్డాక, ఇంకొకటి తీద్దామని మళ్ళీ మీట తిప్పాను. చిన్నమ్మ తల తిప్పకుండానే అన్నది:

"బాపుకు దగ్గరికి జరుగు కొడుకా."

నాతో అన్నదో, నేను వేసుకున్న అంగీతో అన్నదో. జరిగాను.

ఫిల్ము కడిగి చూస్తే మొదటిదాంట్లో నేను విడిగా ఉన్నాను. రెండోదాంట్లో నా నీడ ఆయన అంగీ మీద పడి ఉంది. గురువు చెప్పిన లెక్కన మొదటిది వాడాలి. రెండోదే వాడాను. నా తల కోసేసి ఆ అబ్బాయి తల పెట్టాను. ముద్ర చెరిపాను, మీసాలు గీశాను, ఎండ పడే వైపు చెంప వదిలి రెండోవైపు నలుపు దిద్దాను. నాలుగు రోజులు పట్టింది. పూర్తయ్యాక చూస్తే అతుకు ఎక్కడుందో నాకే కనిపించలేదు. చిన్నమ్మ ఫోటో చేతికి తీసుకుంది. చాలాసేపు ఆ నీడ మీద వేలు పెట్టుకుని కూర్చుంది. నాకు గర్వంగా అనిపించింది, ఉన్నమాట.

అంతటితో ఆగి ఉంటే ఎవరికీ ఏమీ అయ్యేది కాదు.

ఆ ఏడే జగిత్యాలలో ఫోటోల పండుగ పెడుతున్నట్టు కబురొచ్చింది. పెళ్ళిళ్ళూ పాస్‌పోర్టు ఫోటోలూ తీసుకుంటూ ఎవరికీ తెలియకుండా ఉండిపోతున్న కొత్తవాళ్ళ పనిని నలుగురికీ చూపించడం వాళ్ళ ఉద్దేశం. మంచి ఉద్దేశం. హైదరాబాదు నుంచి ఒక పెద్ద ఫోటోగ్రాఫర్ మూడు రోజులు వచ్చి ఉంటాడు, ప్రతి ఒక్కరి పక్కన కూర్చుని ఫోటోలు చూస్తాడు, అందరిలో నచ్చినవాడికి తను వాడిన కెమెరానే ఇచ్చిపోతాడు. నాకు సొంత కెమెరా లేదు. ఓనర్ కెమెరా రాత్రి బీరువాలో పెట్టి తాళం వేసుకునేవాడు. ఆ కెమెరా మాట విన్నప్పటి నుంచి నాకు వేరే ఆలోచన లేదు.

దరఖాస్తులో ఒక నిబంధన ఉంది. ఫోటో ఒకే నెగెటివ్ నుంచి వచ్చినదై ఉండాలి, అతుకులు పనికిరావు, అడిగితే నెగెటివ్ చూపించాలి. దాని కింద సంతకం చేశాను. ఫోటో పేరు 'కుటుంబం', ఊరు సిరిసిల్ల అని రాశాను. వాళ్ళను అడగాలన్న ఊహే రాలేదు. జగిత్యాలలో ఆ అబ్బాయిని ఎవడు గుర్తుపడతాడు, పైగా మీసాలు కూడా పెట్టాను కదా అని నా తెలివికి నేనే మురిసిపోయాను. అతికించాక తీసిన నెగెటివ్, నా ముఖంతో ఉన్న అసలు నెగెటివ్, రెండూ ఒకే కాగితం కవర్లో పెట్టి సంచిలో వేసుకుని బస్సెక్కాను.

మొదటిరోజు హాలు నిండింది. ధర్మపురి గోదావరి మెట్లు, కొండగట్టు కోతులు, మల్యాల మక్కచేన్లు, ఎవరి ఊరు వాళ్ళు తెచ్చారు. జనం మాత్రం నా ఫోటో దగ్గరే ఆగుతున్నారు. హైదరాబాదు పెద్దాయన కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. కుటుంబం ఫోటోల్లో అందరూ పక్కపక్కన ఉంటారే తప్ప ఒకరికొకరు తగలరు, ఇందులో ఆ నీడ తగిలింది అన్నాడు. నేను చేతులు కట్టుకుని తల వంచుకున్నాను. చూసినవాళ్ళు వినయం అనుకుని ఉంటారు.

మా గురువు కూడా కోరుట్ల నుంచి వచ్చాడు. ఫోటో ముందు నిలబడి, నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగాడు.

"ఎవలు నిలవడ్డరురా?"

"ఎవలు నిలవడలే సార్. పిలగాడే."

ఆయన ఇంకోసారి ఫోటో చూశాడు, నన్ను చూశాడు. అయితే మంచిదే అని, మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయాడు. ఆ తరువాత ఆయన నాతో పని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆ గుంపులో మఫ్టీ మనిషి కూడా ఉన్నాడు. ఉంటాడని అందరికీ తెలుసు. కాలేజీ నుంచి లోపలికి పోయిన పిల్లల హాల్‌టికెట్టు ఫోటోలన్నీ పోలీసుల దగ్గర ఉంటాయని మాత్రం నాకు తట్టలేదు. వాళ్ళ దగ్గరున్న ఫోటోలో మీసాలు లేవు, గోడ మీది ఫోటోలో ఉన్నాయి. అంటే ఈమధ్యనే తీసింది. నీడ పడింది, అంటే మనిషి అక్కడ ఉన్నాడు. కొడుకు ఇంటికి వచ్చి, ఫోటో దిగి, అన్నం తిని పోయాడు, ఇంటివాళ్ళు దాచారు. వాళ్ళ లెక్క వాళ్ళకు సరిపోయింది. ఆ లెక్క నేనే తయారుచేసి, పెద్ద సైజులో ప్రింటు వేసి, ఊరి పేరు కూడా రాసి గోడకు తగిలించాను.

రెండోరోజు పగలు రెండు గంటలప్పుడు హాలు గుమ్మంలో చిన్నమ్మ కనిపించింది. నన్ను చూడలేదు. ముందు ఫోటో చూసింది. అంత పెద్దగా కొడుకును ఎప్పుడూ చూసి ఉండదు. దగ్గరికి పోయి, వెనక్కి వచ్చి, మళ్ళీ దగ్గరికి పోయింది. నాకు లోపలి గదిలోకి పోయి కూర్చోవాలనిపించింది. ఈలోపు ఆమె తిరిగి చూసింది.

బయట మెట్ల మీద కూర్చున్నాం. ఆమె దగ్గర పొగాకు వాసన, చేతుల మీద బీడీ ఆకు మరకలు. పనిలోంచి లేచి వచ్చినట్టుంది. పొద్దున్నే పోలీసులు సాంచాల షెడ్డుకు వచ్చి ఆయనను పట్టుకుపోయారని చెప్పింది. ఏ ఠాణాకో నేను రాయను. అది అతుకు ఫోటో, మా వాడు రాలేదు అని ఆయన మొత్తుకుంటే, నీడను కూడా అతికించారా అని నవ్వారట. అతికించినవాణ్ణి నెగెటివ్‌తో తీసుకురండి, అప్పుడు చూద్దాం అన్నారట. ఎస్సై నాకు తెలిసినవాడేనని పేరు చెప్పింది.

"ఒక్కసారి అచ్చి సూపియ్యి కొడుకా. గా నీడ నీదని చెప్పు. గంతే."

సంచి నా భుజానికే ఉంది. కవరు అందులోనే ఉంది. మరునాడు పదకొండింటికి బహుమతులు. నాకే వస్తుందని పొద్దున్నే ఒక కార్యకర్త చెవిలో వేశాడు. ఇప్పుడు పోయి అది అతుకు ఫోటో అని ఒప్పుకుంటే ఆ మాట ఠాణాలో ఆగదు. మఫ్టీ మనిషి ఇక్కడే తిరుగుతున్నాడు, సాయంత్రానికి హాలంతా తెలిసిపోతుంది. ఇదంతా నా బుర్రలో తిరగడానికి ఎంతోసేపు పట్టలేదు.

"నెగెటివ్ స్టూడియోల ఉన్నది చిన్నమ్మా," అన్నాను. "తాళం ఓనర్ తాన్నే ఉన్నది. ఆయన రేపు మాపటికి గని రాడు. రేపు నేనే తీస్కొని అస్త."

ఆమె నా ముఖం చూసింది. సంచి చూసింది. మళ్ళీ ముఖం చూసింది. రేపు తప్పకుండా వస్తావు కదా అని అడిగింది. వస్తానన్నాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. పోలీసుల భయంతో అట్లా చేశానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. భయం ఉన్నమాట నిజమే, కానీ ఆ మెట్ల మీద నా కళ్ళకు కనిపించింది లాఠీ కాదు, కెమెరా.

నాలుగు గంటల బస్సు ఆ రోజుకు ఆఖరిది. బస్టాండు దాకా పోయి ఎక్కించాను. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీటు ఖాళీ. కండక్టరు నన్ను, నువ్వు కూడా ఎక్కుతున్నావా అని అడిగాడు. లేదన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాస్తే చదివేవాళ్ళకు నా మీద కొంచెం జాలి కలుగుతుంది. కానీ పట్టింది.

మరునాడు పదకొండింటికి నా పేరు పిలిచారు. హైదరాబాదు పెద్దాయన తన కెమెరాను తన చేతులతో నా మెడలో వేశాడు. తోలు పట్టీ ఆయన మెడ చెమటకు మెత్తబడి ఉంది. చప్పట్లు కొట్టారు. ఆ నీడ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చెప్పాను. ఎండ వాలే వేళ కోసం ఎట్లా కాచుకుని కూర్చోవాలో, మనుషులను ఎట్లా దగ్గరికి జరపాలో, నా కంటే చిన్నవాళ్ళకు బుద్ధులు కూడా చెప్పాను. ఫోటోలకు నిలబడి, భోజనం చేయకుండానే బస్సెక్కాను. ఆ భోజనం మానేయడమే పెద్ద త్యాగం అనుకున్నాను.

ఠాణాకు చేరేసరికి నాలుగైంది. చిన్నమ్మ గేటు బయట వేపచెట్టు కింద కూర్చుని ఉంది. నా మెడలో కెమెరా చూసింది. లోపల ఎస్సై అసలు నెగెటివ్‌ను కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. గళ్ళంగీ వేసుకుని తండ్రి పక్కన నిలబడి ఉన్నది నేనేనని తెలియడానికి ఆయనకు ఒక నిమిషం పట్టింది.

"గింత మంచిగ అతికిస్తె మేమెట్ల నమ్ముతంరా?" అన్నాడు. అన్నాక, మెచ్చుకున్నట్టు నా భుజం తట్టాడు. కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. నెగెటివ్ మళ్ళీ నా చేతికే ఇచ్చేశారు. మొత్తం అరగంట పని.

చిన్నమ్మ భర్త గోడ పట్టుకుని బయటికి వచ్చాడు. పాదాలు నేలకు ఆనించలేకపోతున్నాడు. చిన్నమ్మ ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకుని రిక్షా ఎక్కించాం. రిక్షాలో నేను ఆయన పక్కనే కూర్చున్నాను. ఆయనే నన్ను ఊరడించాడు.

"నిన్న దాంక ఏమనలే కొడుకా. చాయ్ గూడ ఇచ్చిండ్రు. ఇయ్యాల పది, పదకొండు గొట్టంగ పెద్దసారు అచ్చిండు. గాయిన అచ్చినంకనే."

ఎక్కువసేపు కొట్టలేదు, నువ్వు దిగులు పెట్టుకోకు అని చెప్పడం ఆయన ఉద్దేశం. ఆ వేళకు నా మెడలో పట్టీ పడుతోందని ఆయనకు తెలియదు. చిన్నమ్మ రిక్షా అవతలి వైపుకు చూస్తూ కూర్చుంది. కెమెరా ఇంకా మెడలోనే ఉందని నాకు అప్పుడు గుర్తొచ్చి, తీసి సంచిలో పెట్టుకున్నాను.

ఆయన కుడిపాదం మళ్ళీ సరిగా నిలవలేదు. నిలబడి సాంచాలు నడిపే పని పోయింది. కూర్చుని నూలు కండెలు చుట్టే పనికి కుదిరాడు. మా ఊళ్ళో అది ఆడవాళ్ళ పని, దానికి ఇచ్చేది కూడా తక్కువ. నేను ఆ కెమెరాతో పెళ్ళిళ్ళు తీసి, రెండేళ్ళలో సొంత దుకాణం పెట్టుకున్నాను. పండుగ వాళ్ళకు మాత్రం ఏమీ చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. ప్రశంసాపత్రం నా దుకాణం గోడ మీద ఉంది. ఆ అబ్బాయి మళ్ళీ రాలేదు. పోలీసు జీపు ఎక్కి పోయినప్పుడల్లా పడుకోబెట్టినవాళ్ళలో ముందు ఆ ముఖం కోసమే వెతికేవాణ్ణి, నేను గీసిన మీసాలతో. ఎప్పుడూ కనిపించలేదు. దొరకలేదని వాళ్ళింటికి పోయి చెప్పే ముఖం కూడా నాకు లేదు. ఆ సందు తప్పించి చుట్టూ తిరిగి పోయేవాణ్ణి.

కొన్ని నెలలకు ఒక మధ్యాహ్నం చిన్నమ్మ స్టూడియోకు వచ్చింది. ఇంకా నేను ఓనర్ దగ్గరే ఉన్నాను. ఆయన భోజనానికి పోయాడు. ఆమె తువ్వాలలో చుట్టిన ఫ్రేము బల్ల మీద పెట్టింది. పోలీసులు ఇంటికి వచ్చినప్పుడల్లా దీన్నే అడుగుతున్నారట.

"మా వాన్ని అండ్లకెళ్ళి తీసెయ్యి," అన్నది.

అద్దం తీసి ఫోటో బయటికి లాగాను. కొడుకు కుడివైపు చివర ఉన్నాడు కాబట్టి ఆ పక్క కోసేస్తే సరిపోతుంది. కత్తెర పట్టుకున్నాక నా చెయ్యి ఆగింది. ఆమె రోజూ వందల ఆకులు కత్తిరించే మనిషి. ఇంకొద్దిగా ఇటు, అని వేలితో గీత చూపించింది. ఆ గీత వెంబడే కోశాను. తెగిపడిన ముక్కను ఆమె తీసుకుని, మడత పడకుండా కొంగులో పెట్టుకుంది.

ఇప్పుడైనా చెప్పాలనిపించింది. ఆ రోజు నెగెటివ్ స్టూడియోలో లేదు చిన్నమ్మా అని మొదలుపెట్టాను. ఆమె నన్ను పూర్తి చేయనివ్వలేదు.

"నీ సంచిల్నే ఉండె. నాకెరుకే. మీ ఓనరే చెప్పి తోలిండు నన్ను."

తాళం ఓనర్ దగ్గరుందని నేను చెబుతుంటే, ఆ ఓనర్‌తో మాట్లాడే వచ్చిందామె. మరి అప్పుడే ఎందుకు అడగలేదు అన్నాను.

"గట్టిగ అడిగితె, సిగ్గువడి తెల్లారి గూడ రాకపోతవేమోనని."

ఇంక నేను తలెత్తలేదు. చేతులకు ఏదో ఒక పని కావాలి కాబట్టి బల్ల మీది ఫోటోను దగ్గరికి లాక్కున్నాను. కొడుకు పోయాడు కానీ నీడ మాత్రం తండ్రి అంగీ మీద అట్లాగే ఉంది. దాన్ని కూడా చెరిపేస్తానని చెప్పి, బ్రష్షు తడిపి, తెల్లరంగులో ముంచాను.

చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనియ్యి కొడుకా. గది మా వానిది గాదు గద, నీదే."

కోపంగా అనలేదు. బీడీల కట్టలో ఎన్ని తక్కువయ్యాయో చెప్పినంత మామూలుగా అన్నది. నేను బ్రష్షు కడిగి పక్కన పెట్టాను. కోసిన ఫోటోను ఫ్రేములో బిగించి, అద్దం తుడిచి ఇస్తే, ఆమె తువ్వాలలో చుట్టుకుని పోయింది.